రోజూ మూడు మంచి విషయాలు రాస్తే నిజంగా సంతోషం పెరుగుద్దా? నేను రాసి చూశాను

ప్రశ్న ఏటంటే, రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాసుకుంటే హ్యాపీగా ఉంటారని వీడియోల్లో తెగ చెప్తున్నారు, ఎవరైనా చేసి చూశారా, పని చేసిందా అని. నేను చేశాను. అది రాసినందుకు నా సంతోషం ఎంత పెరిగిందో చెప్పలేను గానీ, నేను చేసిన ఒక తప్పు మాత్రం ఆ నోట్‌బుక్‌లోనే దొరికింది. ఆ కథ చెప్తాను, కొంచెం పెద్దదే.

మాది చీపురుపల్లి. ఉద్యోగం విజయనగరంలో, ఒక ఆడిటరు గారి దగ్గర అకౌంట్లు రాయడం. ఆరేళ్లు ట్రైన్లోనే తిరిగాను సీజన్ టికెట్ మీద. పొద్దున్నే వంట చేసి, బాబుకి డబ్బా కట్టి, స్టేషనుకి పరిగెత్తడం, సాయంత్రం బండి లేటయితే ప్లాట్‌ఫారం మీద పడిగాపులు, ఇల్లు చేరేసరికి ఎనిమిది. ప్రాణం విసిగిపోయేది. అప్పుడే ఈ సంతోషం సైకాలజీ మీద చదవడం మొదలెట్టాను (రిటర్నుల సీజను అయ్యాక మా ఆఫీసులో పని పల్చబడుద్ది లెండి). అందులో డేనియల్ కానెమన్ అని, 2002లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన సైకాలజిస్టు, ఆయనా ఇంకొందరూ కలిసి 2004లో చేసిన స్టడీ కనబడింది. టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగం చేసే ఆడవాళ్లని నిన్నటి రోజుని సీన్లు సీన్లుగా విడగొట్టి, ఏ సీన్లో ఎలా అనిపించిందో మార్కులు వెయ్యమన్నారు. పొద్దున్న ఆఫీసుకి వెళ్లే ప్రయాణం అట్టడుగున ఉంది. అదిగో చూడండి అని మా ఆయనకి చూపించి, రెండు నెలలు పోరు పెట్టి, విజయనగరంలో కోటకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాం.

మొదటి పదిహేను రోజులు పండగే. ఐదున్నరకి ఆఫీసు అయితే ఆరింటికల్లా ఇంట్లో ఉండి టీ తాగుతున్నాను, అంతకంటే ఏం కావాలి? మూడో నెల వచ్చేసరికి ఆ టీ కూడా మామూలైపోయింది. పైగా ఎందుకో చిరాకు, ఆదివారం కూడా మొహం వేలాడేసుకుని కూర్చోడం. దేనికైనా అలవాటు పడిపోతాం అని దీని మీద 1978లోనే ఒక స్టడీ ఉంది, బ్రిక్‌మన్ వాళ్లది. లాటరీ తగిలిన 22 మందిని మామూలు వాళ్లతో పోల్చి చూస్తే సంతోషంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, పైగా టిఫిన్ తినడం, ఫ్రెండ్‌తో కబుర్లు లాంటి చిన్న చిన్న వాటిల్లో లాటరీ వాళ్లకే సరదా తక్కువ. మరీ కొద్దిమందితో చేసింది కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. కానీ నా సంగతి అచ్చం అలాగే ఉంది.

అప్పుడు నోట్‌బుక్ కొన్నాను. ఈ మూడు విషయాల పద్ధతి మార్టిన్ సెలిగ్మన్ వాళ్లది, 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ప్రెసిడెంటుగా ఉండి పాజిటివ్ సైకాలజీ అని మొదలెట్టింది ఆయనే. 2005లో వాళ్లు అచ్చేసిన ప్రయోగంలో ఒక వారం రాయించారు, ఆ ప్రభావం ఆరు నెలల దాకా కనబడింది. అయితే అందులో రెండో సగం ఉంది, వీడియోల్లో దాన్ని వదిలేస్తున్నారు. ప్రతి మంచి విషయం పక్కన అది ఎందుకు జరిగిందో కూడా రాయాలి. నేను మొదట అది రాయలేదు. అందుకే నా పేజీలు ఎలా ఉండేవంటే, పాలు పొంగిపోలేదు, కరెంటు పోలేదు, ఆడిటరు గారు అరవలేదు. వీటికి సంతోషం ఎలా వస్తుందండీ? జరగని కష్టాల లిస్టు అది.

తర్వాత ఎందుకు అనే గడి కూడా గీశాను. ఒక శనివారం అమ్మకి ఒంట్లో బాలేదంటే సాయంత్రం పాత బండిలోనే చీపురుపల్లి వెళ్లాను. ఎక్కగానే లోపల్నుంచి కేక, "ఓలమ్మ, దారి తప్పొచ్చేవేటే!" అని. మా పొందూరప్ప (అప్ప అంటే మా వైపు అక్క). కలెక్టరాఫీసులో పని, పొందూరు దాకా వెళ్తుంది. మా గుంపు ఆరుగురం, ఆరేళ్లు ఒకే పెట్టె. అందులోనే చిక్కుడుకాయలు ఈనెలు తీసేవాళ్లం, కనకాంబరాలు కట్టేవాళ్లం, అత్తగార్ల మీద చెప్పుకునేవాళ్లం, ఎవరి కూర బాగుంటే ఆ డబ్బా ఖాళీ. ఆ రోజు నెల్లిమర్ల దాటకముందే నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది. దిగేటప్పుడు అప్ప ఒలిచిన చిక్కుడుకాయల డబ్బా నా సంచిలో పెట్టేసింది, అమ్మకి వండిపెట్టు అని. రాత్రి రాయడానికి కూర్చుంటే మూడూ బండిలోవే. ఎందుకు అన్న గడిలో మూడుసార్లూ మనుషుల పేర్లే.

అకౌంట్లు చేసేదాన్ని కదా, ఊరుకోలేక వెనక్కి తిప్పి నలభై రోజులవి లెక్క కట్టాను. 120లో 71 చోట్ల కారణం ఎవరో ఒక మనిషి. ఇల్లు దగ్గరవడం వల్ల అని రాసింది నాలుగుసార్లు, అవీ మొదటి వారంలోవే.

అప్పుడు మళ్లీ ఆ టెక్సాస్ స్టడీ తీశాను. ప్రయాణం అడుగున ఉన్న అదే జాబితాలో నలుగురితో కలిసి కూర్చోడం పై వరసల్లో ఉంది. నేను కింది లైను చదివి ఇల్లు మార్చాను, పై లైను చూడలేదు. అక్కడ ఎక్కువమంది ఎవరి కారు వాళ్లు నడుపుకుంటూ వెళ్తారు, నాది ప్రయాణమూ అదే, నలుగురితో కూర్చోడమూ అదే. రెండూ కట్టకట్టి వదిలేసుకున్నాను. 2014లో షికాగో లోకల్ ట్రైన్లలో ఎప్లీ, ష్రోడర్ చేసిన ప్రయోగం కూడా ఇలాంటిదే, తెలియనివాళ్లతో మాట్లాడుతూ వెళ్తే విసుగొస్తుందని జనం అనుకున్నారు, తీరా మాట్లాడమని చెప్పి పంపిన వాళ్లకే ప్రయాణం బాగా గడిచింది.

మీరు చేసేటట్టయితే, రోజూ అక్కర్లేదు. ల్యుబోమిర్‌స్కీ అనే సైకాలజిస్టు వాళ్ల ప్రయోగంలో ఇలాంటివి వారానికోసారి రాసినవాళ్లకి లాభం కనబడింది, మూడుసార్లు రాసినవాళ్లకి కనబడలేదు. నాకూ రెండో నెలకి హోంవర్క్‌లా తయారై, ఇప్పుడు శనివారం మాత్రమే రాస్తున్నాను. ఇంకో మాట, 2012లో కెనడాలో సెలిగ్మన్ ప్రయోగాన్ని మళ్లీ చేస్తే, ఊరికే పాత మంచి జ్ఞాపకాలు రాసినవాళ్లు కూడా దాదాపు అంతే బాగుపడ్డారు, కాబట్టి ఇందులో మంత్రం ఏమీ లేదు. నిద్ర పట్టక, తిండి సయించక, వారాల తరబడి ఏడుపొస్తుంటే మాత్రం నోట్‌బుక్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరకి వెళ్లండి, టెలీ మానస్ అని మనసు బాగోలేనివాళ్లకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫ్రీగా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇల్లు మళ్లీ మార్చలేదు, బాబు స్కూలు ఇక్కడే కదా. శనివారం సాయంత్రం మాత్రం ఆ బండి తప్పనివ్వను, అమ్మ దగ్గరకి వెళ్లి ఆదివారం రాత్రికి వచ్చేస్తాను. మొన్నొకసారి నోట్‌బుక్ బండిలోకి పట్టుకెళ్లి అప్పకి చూపించాను, నీ పేరు ఎన్నిసార్లు ఉందో చూడప్పా అని. పేజీలు తిప్పి తిప్పి చూసింది. "ఇన్ని లెక్కలు రాసేవు గాని, ఆ చిక్కుడుకాయల డబ్బా ఎప్పుడిస్తావే?" అంది.