ఏడో నెల వడ్డీ ఎంతో అడిగారా?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. ఉప్పల్‌లో ప్రైవేటు ఉద్యోగం. నాన్నగారి ఆపరేషన్‌ వల్ల క్రెడిట్ కార్డు మీద 1,80,000 రూపాయలు బాకీ పడ్డాను. నెలకు 3.5 శాతం వడ్డీ. ఇంత వడ్డీ చట్టం ఒప్పుకుంటుందా? నా జీతం పడే బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి, బాకీని తమ కార్డుకు మార్చుకుంటే ఆరు నెలల పాటు నెలకు 0.99 శాతమే అంటున్నారు. మార్చుకుంటే పాత బ్యాంకుతో ఇక సంబంధం ఉండదా? నెలకు 12,000 మించి కట్టలేను. రెండు లక్షల చిట్టీ ఒకటి ఉంది, ఇంకా పాడలేదు. – ఒక పాఠకుడు

జవాబు: ముందు వడ్డీ సంగతి. నెలకు 3.5 అంటే ఏడాదికి 42 శాతం. వీధి చివరి వడ్డీ వ్యాపారి ఇంత అడిగితే శాపనార్థాలు పెడతాం. కార్డు బాకీల మీద 30 శాతం దాటిన వడ్డీ అనుచిత వ్యాపార విధానమేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పిన మాట నిజం. ఆ తీర్పు కాగితం పట్టుకుని ఇప్పటికీ నా దగ్గరకు వచ్చేవారున్నారు. కానీ 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వడ్డీ ఎక్కువగా ఉందన్న కారణంతో బ్యాంకు లావాదేవీలను కోర్టులు తిరగదోడకూడదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 21ఎ సెక్షన్ కూడా చెబుతోంది. కాబట్టి కోర్టులో వడ్డీ తగ్గించుకోవాలన్న ఆశ వదిలేయండి. తక్కువ వడ్డీకి మారడం ఒక్కటే మీ చేతిలో ఉన్నది. మారమనే నేనూ చెబుతాను, ఈ లెక్క చూశాక.

మీరు కట్టే 12,000లో ఇప్పుడు 7,434 రూపాయలు వడ్డీకి, దాని మీది 18 శాతం జీఎస్టీకే పోతున్నాయి. అసలులో తరిగేది నాలుగున్నర వేలు. కొత్త కార్డులో మొదటి నెల వడ్డీ, జీఎస్టీ కలిపి 2,100 దగ్గర ఉంటుంది. బదిలీ రుసుము రెండు శాతం అనుకుంటే 3,600, జీఎస్టీతో 4,248. దాన్ని కూడా కలుపుకుని చూస్తే ఆరు నెలల తర్వాత మీ బాకీ సుమారు 1,23,000కు దిగుతుంది. పాత కార్డులోనే ఉండిపోతే దాదాపు లక్షన్నర మిగిలేది. లాభమే. అయితే ఫోన్ చేసిన వ్యక్తి ఏడో నెల గురించి చెప్పి ఉండరు. అప్పుడు కొత్త కార్డు కూడా మామూలు రేటుకు వస్తుంది. అది కూడా 3.5 అయితే ఆ నెల ఐదు వేలు మళ్లీ వడ్డీకే. రేటు, గడువు, రుసుము, గడువు తర్వాతి రేటు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన తీపి మాట షరతుల కాగితం ముందు నిలవదు. మిగిలే మొత్తాన్ని వాయిదాలుగా మారుస్తారా, ఏ రేటుకు మారుస్తారో కూడా ఇప్పుడే అడగండి. ఇంకో మాట, ఆ కార్డుతో కొత్తగా ఏదీ కొనకండి. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు దక్కదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

పాత బ్యాంకుతో సంబంధం దరఖాస్తు పెట్టిన రోజున తెగదు. డబ్బు ఆ ఖాతాకు చేరేదాకా కట్టాల్సిన బాధ్యత మీదే. మధ్యలో గడువు తేదీ వస్తే కనీస మొత్తం మీరే కట్టండి. "బదిలీకి పెట్టాను కదా" అన్న జవాబు ఎక్కడా చెల్లదు. బిల్లు తేదీకీ డబ్బు చేరిన తేదీకీ మధ్య రోజుల వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. బాకీ తీరిపోయిందనుకుని చాలామంది ఆ బిల్లు విప్పి చూడరు. నాలుగు వందల బకాయితో సిబిల్ రికార్డు, అంటే అప్పులు తీర్చిన చరిత్ర, పాడైనవారిని చూశాను. అది కూడా తీర్చి, కార్డు మూసేయమని ఈమెయిల్ పంపండి. బాకీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకు చెల్లించాలి. ఇది రిజర్వ్ బ్యాంకు నిబంధన. బాకీ లేదన్న పత్రం తీసుకుని దాచుకోండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీరు ప్రశ్నలో మామూలుగా అనేసిన మాట: "నా జీతం పడే బ్యాంకు". పాత బ్యాంకు మీ జీతాన్ని ముట్టుకోవాలంటే దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి. తెచ్చుకున్నా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలను, మిగతాదానిలో మూడింట రెండు వంతులను జప్తు చేయకూడదు. కొత్త కార్డు మీ జీతం బ్యాంకుదే అయినప్పుడు, కార్డు బాకీని ఖాతాలోని సొమ్ముతో సర్దుకునే హక్కు షరతుల్లో సాధారణంగా రాసి ఉంటుంది. ఒక నెల తప్పితే కోర్టు మెట్లెక్కే అవసరం లేకుండానే వాళ్లు ఆ పని చేయగలరు. ఇంటి అద్దె, నాన్నగారి మందులు ఆ ఖాతా మీదే ఆధారపడి ఉంటే, ఇదే రేటు ఇచ్చే ఇంకో బ్యాంకు ఉందేమో వెతకండి. అక్కడ కూడా, బాకీ సొమ్ము ఖాతా నుంచి దానంతటదే వెళ్లిపోయే ఆటో డెబిట్‌కు ఒప్పుకునే ముందు ఆలోచించండి. కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారమే. కానీ ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే, చెక్కు చెల్లని కేసులాగే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద క్రిమినల్ ఫిర్యాదుకు వీలుంది.

ఇక చిట్టీ. రిజిస్ట్రార్ దగ్గర నమోదైనదేనా చూసుకోండి. ఇప్పుడే పాడకండి, చౌక వడ్డీ నడిచే ఆరు నెలలు ఆగండి. ఆ తర్వాత 3.5 శాతం వడ్డీతో నెలకు 12,000 కడుతూ పోతే మిగతా బాకీ తీరడానికి ఇంకో పద్నాలుగు నెలలు పడుతుంది, వడ్డీ, జీఎస్టీ కిందే సుమారు 40,000 పోతాయి. పాటలో వదులుకోవాల్సింది అంతకంటే తక్కువైతే ఆరో నెల పాడి ఒకేసారి కట్టేయండి. పాట ఎత్తాక జామీనుదారులను అడుగుతారు, ఇద్దరు ముగ్గురితో ఇప్పటినుంచే మాట్లాడి ఉంచండి.