బల్లలు కొనేముందు గది వైపు చూడండి

ప్రశ్న: పెరంబూరులో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి చెబుతాను. వచ్చే ఏడాదికి క్లాసులన్నీ ఫ్లెక్సిబుల్‌గా మార్చాలని మా కరెస్పాండెంట్ గారు చక్రాల బల్లలు, బీన్ బ్యాగులు, రెండు గదుల మధ్య మడత తలుపులు ఉన్న కేటలాగు తెచ్చారు. గదికి 38 మంది పిల్లలు, ముగ్గురేసి కూర్చునే పాత బెంచీలు. ఇంత ఖర్చు అవసరమా? ఆయనకు ఏమని చెప్పను?
– ఒక టీచర్, చెన్నై

జవాబు: అవసరం లేదండీ. గది మారాలన్న ఆయన ఆలోచన మాత్రం నూటికి నూరుపాళ్లు మంచిది, దాన్ని పోనివ్వకండి. బోర్డు చూసి రాయడం, నలుగురు కలిసి లెక్కలు చేయడం, ఒక్కళ్లే చదువుకోవడం, గుంపుగా కూర్చుని కథ వినడం... వీటిలో ఒకదాన్నుంచి ఇంకోదానికి రెండు మూడు నిమిషాల్లో, మీ చెయ్యి పడకుండా పిల్లలే సర్దుకోగలిగితే అదే ఫ్లెక్సిబుల్ క్లాసు. మీ పాత బెంచీ పెద్దవాళ్లు ఇద్దరు పడితే గానీ కదలదు కదా, చిక్కంతా అక్కడే ఉంది. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మన అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు, ఆవిడ 1907లో రోమ్‌లో పెట్టిన మొదటి బడిలోనే పిల్లలు తామే మోసుకోగలిగే బల్లలు చేయించారు. కొంటే అలాంటి తేలికైన డెస్కులే కొనండి, కాళ్లకు రబ్బరు బుష్షులు తప్పకుండా వేయించండి, లేదంటే జరిపినప్పుడల్లా ఆ కీచుమనే చప్పుడుకి పక్క క్లాసులో పాఠం సాగదు.

ఇంకో మాట, మీ ఊళ్లోనే జరిగింది. 2003లో చెన్నై కార్పొరేషన్ స్కూళ్లలో ఏబీఎల్ (యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్, అంటే పిల్లలు పనులు చేస్తూ నేర్చుకునే) పద్ధతి మొదలైనప్పుడు చిన్న క్లాసుల పిల్లల్ని నేలమీద చాపలు వేసి గుండ్రంగా కూర్చోబెట్టారు, గోడల కింది భాగానికి పిల్లల ఎత్తు వరకు నల్లరంగు వేసి ఒక్కొక్కరికి ఇంత జాగా అని ఇచ్చారు. సుద్దముక్క పట్టుకుని పిల్ల తన జాగాలో రాస్తుంటే ఎక్కడ తడబడుతోందో టీచరుకు దూరం నుంచే తెలిసిపోతుంది. దీనికి మూలం మన మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ స్కూలు వాళ్ల పద్ధతి, ఆ తర్వాత ఇది తమిళనాడు అంతా పాకింది. కరెస్పాండెంట్ గారికి ముందు ఈ గోడ సంగతి చెప్పండి, నాలుగు డబ్బాల రంగుతో అయిపోయే పని.

ఫ్యాన్లు కూడా చూసుకోండి. మీరు ఎంత అందంగా సర్దినా ఏప్రిల్ వచ్చేసరికి పిల్లలంతా ఫ్యాన్ల కిందికే చేరతారు, అందుకని డెస్కులు ఎక్కడెక్కడికి జరుగుతాయో అక్కడ గాలి, వెలుతురు ఉన్నాయో లేదో ముందే తేల్చుకోవాలి.

మడత తలుపులకు మాత్రం గట్టిగా వద్దనండి. అవి చప్పుడు ఆపవు. అమెరికాలో 1970ల్లో గోడల్లేని బడులు కట్టి, గోల భరించలేక చాలాచోట్ల మళ్లీ అడ్డుగోడలు పెట్టుకున్నారు. అంతకంటే ముఖ్యం, ఏది కొత్తగా పెట్టినా తలుపు దగ్గర దారికి అడ్డం రాకూడదు. 2004లో కుంభకోణం బడిలో మంటలు లేచి బయటపడే దారిలేక 94 మంది పిల్లలు పోయారు. ఫోమ్, ప్లైవుడ్ ఇట్టే అంటుకుంటాయి, వాటితో గది నింపనివ్వకండి.

ప్రశ్న: మా బాబుకు కళ్లద్దాలు. ఈ మధ్య క్లాసులో యూ ఆకారంలో కూర్చోబెడుతున్నారు, రోజూ మెడ నొప్పి అంటున్నాడు. టీచర్‌ని అడిగితే బాగుంటుందా?
– ఒక అమ్మ, వేలచ్చేరి

జవాబు: తప్పకుండా అడగండమ్మా. 2025లో తమిళనాడు బడుల్లో ఈ పద్ధతి పెట్టాలన్నప్పుడు డాక్టర్లు, తల్లిదండ్రులు లేవనెత్తిన అభ్యంతరం కూడా ఇదే. చివరి బెంచీ అంటూ లేకుండా చేయాలన్న ఉద్దేశం నాకూ నచ్చింది, కానీ పక్క వరసల్లో ఉన్నవాళ్లు గంటలకొద్దీ మెడ తిప్పి బోర్డు చూడాలి. మాట్లాడుకునే పీరియడ్‌కి యూ ఉంచి, రాసుకునే పీరియడ్‌కి డెస్కులు బోర్డు వైపు తిప్పమనండి. అది కుదరకపోతే పక్క వరసల్ని కాస్త ఏటవాలుగా పెట్టి, వారం వారం పిల్లల చోట్లు మార్చమనండి. ఈలోగా బాబు కళ్లద్దాల పవర్ ఒకసారి చూపించండి.