పుట్టిన బిడ్డ గంటకోసారి పాలకు ఏడుస్తోంది, తల్లిపాలు చాలడం లేదా?

చాలామంది తల్లుల విషయంలో పాలు చాలకపోవడం దీనికి కారణం కాదు, పుట్టిన బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగడం, కొన్ని పూటల్లో గంటకోసారి అడగడం మామూలే.

మొదట్లో వచ్చే చిక్కటి ముర్రుపాలు చెంచాల్లోనే ఉంటాయి, బిడ్డ పొట్టకూ అప్పుడు అంతే పడుతుంది. కాన్పులో మాయ బయటపడ్డాక, అప్పటిదాకా పాలను ఆపి ఉంచిన ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ తగ్గి, సాధారణంగా ఐదో రోజులోపు పాలు బాగా పడతాయి. ఆ తర్వాత రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది.

ఉదాహరణకు, మూడో రాత్రి బిడ్డ ఏడ్చిందని డబ్బాపాలు పట్టారనుకోండి. బిడ్డ నిండు పొట్టతో పడుకుంటుంది, రొమ్ము ఖాళీ కాదు. ఇలా రోజూ జరిగితే పాలు నిజంగానే తగ్గుతాయి. అందుకే ముందు పట్టు చూడండి. బిడ్డ నోరు పెద్దగా తెరిచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగాన్నీ అందుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి, గుటకలు వినిపించాలి. మొన ఒక్కటే పట్టుకుంటే తల్లికి పుండు, బిడ్డకు ఆకలి. అలాంటప్పుడు లాగొద్దు, శుభ్రమైన చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి.

రొమ్ములు మెత్తగా ఉంటే పాలు లేవనుకోవడం పొరపాటు. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తూ, రెండు వారాల్లో పుట్టినప్పటి బరువుకు చేరితే పాలు అందుతున్నట్టే. మూత్రం తగ్గినా, లేపినా తాగకుండా మగతగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి. అప్పుడు డాక్టరు అదనంగా పాలు పట్టమంటే వెనకాడొద్దు.