గడ్‌చాందూర్ వైపు సున్నపు నేలలో ఏ మొక్కలు నిలుస్తాయి?

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా గడ్‌చాందూర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నాం, పెరట్లో వేసిన నూరువరహాలు, మందారం పాలిపోతున్నాయి, జిప్సం వేసినా మార్పు లేదు, ఇంకేం నాటాలి అని కదండీ మీరు అడిగింది. మాది దగ్గర్లోని రాజురా. మా పెరట్లోనూ ఇదే మట్టి. మీ చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకొచ్చాయో మీ మందారం కూడా అందుకే పాలిపోతోంది. కింద ఉన్నదంతా సున్నపురాయి.

ముందు జిప్సం ఆపేయండి. అది సోడియం ఎక్కువున్న చౌడు నేలకు మందు. మన మట్టిలో ఉన్నది సున్నం, జిప్సం కూడా కాల్షియమే. అనుమానముంటే ఎండిన మట్టి పిడికెడు తీసి దాని మీద కాస్త వెనిగర్ పోయండి. బుసబుస పొంగితే సున్నమే.

గంధకం కలపమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. ఒక కిలో గంధకం పోగొట్టగలిగేది సుమారు 3 కిలోల సున్నాన్నే. నూటికి పది వంతులు సున్నమున్న నేలైతే, ఒక చదరపు మీటరు చోట 15 సెంటీమీటర్ల లోతు మట్టిలోనే 20 కిలోల దాకా సున్నం ఉంటుంది. అంటే చదరపు మీటరుకు ఆరు కిలోల పైనే గంధకం! పైగా కింద నుంచి, బోరు నీళ్ల నుంచి సున్నం వస్తూనే ఉంటుంది. పెరడంతా మార్చాలనే ఆలోచన వదిలేయడం మేలు.

లేత ఆకు పసుపుగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వలలా కనిపిస్తున్నాయా? అయితే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ సున్నం వల్ల వేరుకు అందదు. అందుకే అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుము ఉప్పు) మొక్క మొదలు దగ్గర మట్టిలో వేస్తే దండగ. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి. గచ్చు మీద పడితే తుప్పు మరకలు పోవు, ఆ జాగ్రత్త మీదే. మట్టిలోనే వేయాలంటే ప్యాకెట్ మీద ‘ఈడీడీహెచ్‌ఏ’ అని ఉన్న ఎర్రటి ఇనుము పొడి అడగండి. ఖరీదెక్కువే. చవగ్గా దొరికే ‘ఈడీటీఏ’ రకం ఈ నేలలో నిలవదు. ముదురాకులు ముందు పసుపెక్కుతుంటే మాత్రం అది వేరే సంగతి, పశువుల ఎరువు వేసి చూడండి.

ఇక నాటేవి. నన్నడిగితే మొదటి ఓటు సీతాఫలానికే. రాళ్లలో కూడా బతుకుతుంది, పెద్దగా నీళ్లడగదు. దానిమ్మ, ఉసిరి, రేగు, చింత కూడా ఈ నేలకు ఓర్చుకుంటాయి. పూలకు గన్నేరు, కాగితం పూల తీగ. కూరగాయల్లో పాలకూర, బీట్‌రూట్, క్యాబేజీకి ఢోకా లేదు. నాగపూర్ మన వైపే కదా అని సంత్రా మాత్రం పెట్టకండి, సున్నం ఎక్కువైతే ఆ చెట్టు ఎదిగి రాదు.

కొత్త ఇల్లన్నారు కాబట్టి గోడ వెంట ఒకసారి తవ్వి చూడండి. మేస్త్రీలు పారబోసిన సిమెంటు, ప్లాస్టరు పెళ్లలు అక్కడే ఉంటాయి, వాటిని ఏరేయండి.

నూరువరహాలు, కరివేపాకు లేకుండా ఉండలేమంటే పెద్ద కుండీల్లో పెట్టుకోండి. బయటి నుంచి తెచ్చిన ఎర్రమట్టిలో సగం కంపోస్టు కలపండి, వాన నీళ్లు డ్రమ్ములో పట్టి అవే పోయండి. ఎండాకాలంలో డ్రమ్ము ఖాళీ అయితే బోరు నీళ్లే గతి. అప్పుడు లేతాకు రంగు చూసుకుంటూ అన్నభేది కొట్టుకోవాలి.