ఎస్టిమేషన్ కోర్సుకు ఫీజు కట్టే ముందు

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు డిప్లొమా సివిల్ ఆఖరి సంవత్సరం. లెక్కలంటే ఇష్టం, ఎండలో సైటు పని మాత్రం వద్దంటున్నాడు. ఎస్టిమేషన్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పిస్తే ఆఫీసు ఉద్యోగం దొరుకుతుందా?"

దొరుకుతుందండీ. కట్టడానికి ఎంత సామాను, ఎంత ఖర్చు అవుతుందో లెక్కగట్టడమే ఎస్టిమేషన్. క్వాంటిటీ సర్వేయర్, బిల్లింగ్ ఇంజినీర్ అని ఈ పనికే విడిగా ఉద్యోగాలున్నాయి. కానీ ఫీజు కట్టడానికి కాస్త ఆగండి, ముందు మీ అబ్బాయితో ఒక్క స్లాబుకు కాగితం మీద లెక్క వేయించండి.

30 అడుగులకు 40 అడుగుల ఇల్లు, 5 అంగుళాల స్లాబు అనుకుందాం. కాంక్రీటు 500 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు), అంటే సుమారు 14.2 క్యూబిక్ మీటర్లు. ఎం20 అనే రకం కాంక్రీటుకు సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే క్యూబిక్ మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు, మొత్తం 114 దాకా. ఇంతవరకు ఫోన్‌లో యాప్ కూడా చెప్పేస్తుంది. తేడా వచ్చేది బీముల దగ్గర. 18 అంగుళాల లోతు బీములో పైన 5 అంగుళాలు స్లాబులోనే కలిసి ఉంటాయి కాబట్టి కింది 13 అంగుళాలే లెక్కలోకి రావాలి. 9 అంగుళాల వెడల్పు బీములు మొత్తం 150 అడుగులు ఉన్నాయనుకోండి, అది చూసుకోకుండా పూర్తి 18 వేసేస్తే 47 సీఎఫ్‌టీ, అంటే పది బస్తాలకు పైనే, రెండుసార్లు పడుతుంది.

ఇక ఎండ సంగతి. సెంట్రింగ్ (స్లాబు కింద పెట్టే తాత్కాలిక పలకలు, ఊతాలు) కుంగి స్లాబు మందం అర అంగుళం పెరిగితే ఇదే ఇంటికి 50 సీఎఫ్‌టీ అదనంగా పడుతుంది, అది డ్రాయింగులో కనపడదు. రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండిలో పంపే కాంక్రీటు) తెప్పిస్తే 6 క్యూబిక్ మీటర్ల బండ్లు రెండు పోయాక మూడోదాంట్లో ఎంత పంపాలో చెప్పాల్సింది లెక్క వేసినవాడే, తక్కువ చెబితే పని మధ్యలో ఆగి కోల్డ్ జాయింట్ (గట్టిపడిన పాత కాంక్రీటుకు కొత్తది సరిగా అతుక్కోని చోటు) పడుతుంది, రేపు వానాకాలం అక్కడి నుంచే నీళ్లు కారతాయి. ఇవన్నీ తెలియకుండా ఏసీ గదిలో కూర్చున్న ఎస్టిమేటర్ అంకెను ఎవరూ నమ్మరు, కనీసం ఒక ఏడాదైనా సైటులో ఉండాల్సిందే అని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

మీ వీధిలో ఎవరైనా స్లాబు వేస్తుంటే మేస్త్రీని అడిగి, ముందురోజే టేపుతో కొలిచి లెక్క రాసి పెట్టుకోమనండి. పని అయ్యాక ఖాళీ బస్తాలు లెక్కపెట్టి పోల్చుకోవాలి. తర్వాత ఎక్సెల్, డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్, కొలతల నియమాలకు ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం నేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ కోర్సు ఆ తర్వాతే.