ముందు ఆ ఇండియం సంగతి తేల్చు

హబ్సిగూడ,
ఆదివారం

చిన్నీ,

రాత్రి పదకొండింటికి నువ్వు వాట్సాప్‌లో పెట్టిన గ్రాఫ్ పొద్దున కాఫీ తాగుతూ చూశాను. 3.8 కెల్విన్ దగ్గర చిన్న మలుపు, 3.4 దగ్గర రెసిస్టెన్స్ నిట్టనిలువునా పడిపోవడం, కింద నీ మూడు ఆశ్చర్యార్థకాలు. మీ గైడ్‌కి ఇంకా చెప్పలేదన్నావు. మంచిపని చేశావు, ఇవాళ కూడా చెప్పకు.

ఆ మలుపు నిజమే. సీరియం ఒకటి, రోడియం ఒకటి, ఇండియం అయిదు పాళ్లున్న నీ క్రిస్టల్ మామూలు ప్రెషర్‌లో అక్కడే యాంటీఫెర్రోమాగ్నెట్ అవుతుంది, అంటే లోపలి బుల్లి అయస్కాంతాలు పక్కపక్కవి ఎదురుబొదురుగా వరసకడతాయి. నా అనుమానమంతా 3.4 మీద. ఉత్త ఇండియం లోహం సరిగ్గా అక్కడే సూపర్‌కండక్టర్ అవుతుంది, అంటే దాని రెసిస్టెన్స్ సున్నా అయిపోతుంది, నువ్వు క్రిస్టల్ పెంచిందేమో కరిగిన ఇండియంలో. బూరె చుట్టూ పాకం అంటినట్టు అది అంచుల్లో, పగుళ్లలో ఉండిపోతుంది. నువ్వు చూసింది క్రిస్టల్‌ని కాదు, ఆ ఇండియాన్నేమో.

నా పీహెచ్‌డీ రెండో ఏడు నాకూ ఇదే జరిగింది. ల్యాబ్‌లో అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించాను. ఒక సీనియర్ బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ, "మ్యాగ్నెట్ ఆన్ చేసి చూశావా?" అన్నాడు. చూడలేదు. 500 గాస్ పెట్టేసరికి ఆ పడిపోవడం కాస్తా మాయమైంది. ఇండియం 300 గాస్‌కే చేతులెత్తేస్తుంది. నీ క్రిస్టల్‌లాంటి అసలైన హెవీ ఫెర్మియాన్ (ఎలక్ట్రాన్లు బరువెక్కినట్టు నడిచే పదార్థాలు) సూపర్‌కండక్టర్లు చాలావరకు టెస్లాల్లో ఫీల్డ్‌ని తట్టుకుంటాయి, ఒక టెస్లా అంటే పదివేల గాస్.

కాబట్టి రేపు ముందు ఆ 500 గాస్ పెట్టి చూడు. తర్వాత క్రిస్టల్‌ని పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కడిగి, మైక్రోస్కోప్ కింద చూస్తూ మెల్లగా పాలిష్ చెయ్యి. కాంటాక్టులకు సోల్డర్ వద్దు, సీసం కలిసిన సోల్డరూ 7 కెల్విన్ దగ్గర ఇలాగే మోసం చేస్తుంది. సిల్వర్ పేస్ట్ వాడు.

ఇంకో మాట. నువ్వు మెసేజ్‌లో "మ్యాగ్నెటిజాన్ని సూపర్‌కండక్టివిటీ ఓడించింది" అని రాశావు. సెమినార్లలో అందరూ అలాగే అంటారు, నాకు నచ్చదు. సీరియం పరమాణువులో ఉన్న ఒంటరి 4ఎఫ్ ఎలక్ట్రాన్ ఒక బుల్లి అయస్కాంతం. తిరుగాడే ఎలక్ట్రాన్లు దాన్ని చుట్టుముట్టి అణచనూవచ్చు, ఒక సీరియం కబురు ఇంకోదానికి మోసి అన్నిటినీ వరసలో నిలబెట్టనూవచ్చు. మొదటిది కోండో, రెండోది ఆర్‌కేకేవై. రెండింటికీ మూలం ఒకటే, ఆ 4ఎఫ్ ఎలక్ట్రాన్‌కీ తిరుగాడే ఎలక్ట్రాన్లకీ మధ్య ఉన్న పట్టు. అది బలహీనంగా ఉంటే వరస గెలుస్తుంది, బలపడితే అణచడం గెలుస్తుంది. 1977లో డోనియాక్ అనే భౌతిక శాస్త్రవేత్త గీసిన బొమ్మలో ఉన్నది ఇదే. సీరియం పదార్థాల్లో ప్రెషర్ పెంచితే ఆ పట్టు బలపడుతుంది. నుమాయిష్‌లో అడుగుకో చుట్టం తగిలి నడక సాగని మనిషిలా ఎలక్ట్రాన్ బరువెక్కుతుంది, కొన్నిటిలో వందల రెట్లు.

సూపర్‌కండక్టివిటీ సాధారణంగా ఆ అయస్కాంత వరస చెదిరిపోయే చోటే తలెత్తుతుంది. అంటే శత్రువు ఇంట్లోనే పుట్టిందన్నమాట. 1979లో జర్మన్ శాస్త్రవేత్త స్టెగ్లిష్ బృందం సీరియం-కాపర్-సిలికాన్‌లో అర కెల్విన్ పైచిలుకులో దాన్ని చూసినప్పుడు చాలామంది నమ్మలేదు. సీరియంలాంటి అయస్కాంత పరమాణువు ఒక్క శాతం కలిసినా సూపర్‌కండక్టర్ దెబ్బతింటుందని అప్పటికి అందరికీ తెలుసు. ఇక్కడ తిరకాసేమిటంటే, సీరియం బదులు అయస్కాంతత్వం లేని లాంథనం పెడితే ఆ పదార్థం సూపర్‌కండక్టర్ కానే కాదు! పైగా కాపర్ రవ్వంత ఎక్కువైతే సూపర్‌కండక్టర్, రవ్వంత తక్కువైతే మ్యాగ్నెట్. అందుకే తూకాలు మిల్లీగ్రాముతో సహా నోట్‌బుక్‌లో రాయమని నీ ప్రాణం తీస్తున్నాను.

నీ క్రిస్టల్‌ని ప్రెషర్ సెల్‌లో, అంటే నొక్కిపెట్టే డబ్బీలో, బిగించాక అసలు కథ మొదలవుతుంది. సుమారు 1.7 గిగాపాస్కల్ దాకా అయస్కాంతత్వం, సూపర్‌కండక్టివిటీ రెండూ ఒకే క్రిస్టల్‌లో కలిసుంటాయి. దాటితే అయస్కాంతత్వం కనబడదు, కానీ పోలేదు. అక్కడ బయటినుంచి ఫీల్డ్ పెడితే మళ్లీ బయటపడుతుంది. అందుకే రెసిస్టెన్స్ ఒక్కటే కొలిచి కూర్చోకు. వెంట్రుకవాసి దారి దొరికినా రెసిస్టెన్స్ సున్నా అయిపోతుంది. స్పెసిఫిక్ హీట్ (ముక్కని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో ఆ కొలత) అలా కాదు, ముక్క మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కొంచెం విసుగే, అయినా చెయ్యి.

సెల్ బిగించినప్పటి ప్రెషర్‌ని గ్రాఫ్ మీద వెయ్యకు. చల్లబడేసరికి అది తగ్గుతుంది. లోపల చిన్న సీసం ముక్క పెట్టు. ప్రెషర్ లేనప్పుడు అది 7.2 కెల్విన్‌లో మారుతుంది, ప్రెషర్ పెరిగేకొద్దీ ఇంకా కిందికి దిగుతుంది. ఆ దిగడాన్నిబట్టి ప్రెషర్ లెక్కకట్టు.

ఫీల్డ్ పెట్టిన గ్రాఫ్, పెట్టని గ్రాఫ్ ఒకే కాగితం మీద వేసి పంపు. అప్పటికీ 3.4 దగ్గర పడిపోవడం అలాగే ఉంటే బిస్కెట్లు నేనే తెస్తాను.

మీ అత్త