కౌన్సిల్ గ్యారేజ్ అద్దె ఏప్రిల్ నుంచి పెంచుతామని లెటర్ వచ్చింది. కట్టాలా, వదిలేయాలా?

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) గ్యారేజ్ అద్దెకు తీసుకున్నారు, పక్కింటాయన కంటే మీకు ఎక్కువ వేశారు, ఇది చెల్లుతుందా, కట్టకుండా పోరాడొచ్చా అని కదా మీ ప్రశ్న. పెంపు చెల్లుతుంది. దాని మీద ఎవరి దగ్గరికెళ్ళినా గెలవరు. కానీ పక్కింటాయనకూ మీకూ ఉన్న తేడా వేరే సంగతి. ఏమన్నా మిగిలితే అక్కడే మిగులుతుంది.

ముందు లెటర్‌లో వ్యాట్ లైను చూడండి. గ్యారేజ్ అద్దె మీద మామూలుగా 20 శాతం వ్యాట్ పడుతుంది. ఇల్లూ గ్యారేజూ ఒకే ల్యాండ్‌లార్డు ఒకే మనిషికి ఇచ్చి, రెండూ దగ్గరదగ్గరగా ఉంటే మాత్రం పడదు. అందుకే కౌన్సిల్ ఇంట్లో ఉండేవాళ్ళకు ఒక రేటు, సొంతిల్లు కొనుక్కున్నవాళ్ళకూ ప్రైవేటు అద్దెల్లో ఉండేవాళ్ళకూ ఇంకో రేటు. స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది ఈ రెండో లెక్కలోకే వస్తారు. లెక్క కట్టి చూడండి: వారానికి 15 పౌండ్ల గ్యారేజ్ మీద 10 శాతం పెంచితే 16.50. కౌన్సిల్ టెనెంట్‌కు 52 వారాలకు 858 పౌండ్లు. వ్యాట్ కలిస్తే వారానికి 19.80, ఏడాదికి 1,029.60. పేపర్లో మాత్రం ఇద్దరికీ కలిపి "10 శాతం" అనే వస్తుంది. కొన్ని కౌన్సిళ్ళు వ్యాట్‌తో ఊరుకోకుండా, తమ ఇళ్ళలో ఉండని బయటివాళ్ళకు అసలు రేటే ఎక్కువ పెడతాయి. రెండూ విడివిడిగా ఎంతో రాసివ్వమని అడగండి.

తేడాలూ తప్పులూ వచ్చేది కూడా ఇక్కడే. ఇంటి టెనెన్సీ భర్త పేరున, గ్యారేజ్ భార్య పేరున ఉంటే సిస్టమ్ ఆమెను బయటి మనిషి కింద లెక్కేసి వ్యాట్ వేస్తుంది. ప్రైవేటు ఇంట్లో ఉండగా గ్యారేజ్ తీసుకుని, తర్వాత కౌన్సిల్ ఇంటికి మారినవాళ్ళ అకౌంట్ ఎవరూ మార్చరు. ఈ రెండో రకమైతే, ఇల్లు మారిన తేదీ చూపించి వెనకటి వ్యాట్ సరిచేయమని ఈమెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో వద్దు. పొరపాటున వసూలు చేసిన వ్యాట్‌ను నాలుగేళ్ళ వెనక్కి సరిచేసుకునే వీలు చట్టంలో ఉంది.

ఇక పెంపు ఎందుకు చెల్లుతుందంటే, కౌన్సిల్ ఇంటి అద్దెకు ప్రభుత్వ ఫార్ములా ఉంది, గ్యారేజ్‌కు లేదు. ఇంటి అద్దె అంతకుముందు సెప్టెంబరు సీపీఐకి, అంటే ధరల పెరుగుదల రేటుకు, ఒక శాతం కలిపినదానికంటే మామూలుగా ఎక్కువ పెంచకూడదు. 2022 సెప్టెంబరులో సీపీఐ 10.1 శాతం ఉంటే, 11.1 పెంచనివ్వకుండా 2023-24కు 7 శాతం దగ్గర కట్టేశారు. గ్యారేజ్‌కు అలాంటి పరిమితి ఏదీ లేదు. ఇంటి అద్దెలో రాబట్టుకోలేనిది ఇందులో రాబట్టుకుందామని చూడని ఫైనాన్స్ ఆఫీసరు ఉండడనే నా అభిప్రాయం. విడిగా తీసుకున్న గ్యారేజ్‌కు ఇంటికున్న సెక్యూర్ టెనెన్సీ (ఊరికే ఖాళీ చేయించకుండా కాపాడే) రక్షణ కూడా ఉండదు. నోటీసు ఇస్తే చాలు. హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ అనే, ఇళ్ళ ఫిర్యాదులు వినే స్వతంత్ర అధికారి కూడా "అద్దె ఎక్కువ" అన్న ఫిర్యాదు తీసుకోడు.

రేటు పెంచేటప్పుడు కౌన్సిల్ రిపోర్టులో ఒక పట్టిక పెడతారు: చుట్టుపక్కల కౌన్సిళ్ళ గ్యారేజ్ రేట్లు ఇవి, మనది తక్కువ, కాబట్టి పెంచాలి అని. వచ్చే ఏడాది పక్క కౌన్సిల్ తన పట్టికలో వీళ్ళ కొత్త రేటు పెడుతుంది. ఇలా ఒకరినొకరు చూపించుకుంటూ ఎక్కిస్తూ పోతారు. ఆ పట్టికలో ఎన్ని గ్యారేజ్‌లు ఖాళీగా ఉన్నాయన్న కాలమ్ మాత్రం ఉండదు. ఆ లెక్కన ఆంధ్రాలో మునిసిపల్ షాపులే నయం, మూడేళ్ళకోసారి మూడో వంతు పెరుగుతుందని ముందే తెలుసు, దానికి తగ్గట్టు మనిషి సిద్ధపడతాడు.

ఆ లేని కాలమ్ మీరే తెప్పించుకోవచ్చు. సమాచార చట్టం కింద, అంటే మన ఆర్‌టీఐ లాంటిదే, ఈమెయిల్ పెడితే 20 పనిదినాల్లో జవాబివ్వాలి. ఫీజు పెట్టాల్సిన పని మామూలుగా ఉండదు. పొడుగ్గా అడగొద్దు. మీ వార్డులో మొత్తం గ్యారేజ్‌లెన్ని, ఖాళీవెన్ని, ఆరునెలలు దాటి ఖాళీగా ఉన్నవెన్ని, వెయిటింగ్ లిస్టులో ఎంతమంది, గత మూడేళ్ళలో వచ్చిన అద్దె ఎంత, రిపేర్లకు పెట్టింది ఎంత, ఆ డబ్బు హౌసింగ్ రెవెన్యూ అకౌంట్‌లోకి వెళ్తోందా, మామూలు ఖర్చుల జనరల్ ఫండ్‌లోకా. ఇంతే. హౌసింగ్ రెవెన్యూ అకౌంట్ అయితే ఆ డబ్బు కౌన్సిల్ ఇళ్ళకే వాడాలి, రోడ్ల గుంతలకు వాడటానికి లేదు. "సేవలు కాపాడటానికే పెంచుతున్నాం" అన్నవాళ్ళను ఏ సేవలని అడగడానికి ఇది పనికొస్తుంది. వెయిటింగ్ లిస్టూ ఉండి ఖాళీలూ ఉన్నాయంటే చాలాసార్లు అవి పాడై ఇవ్వలేని స్థితిలో ఉన్నాయని అర్థం. కొన్ని చోట్ల అలా వదిలేసి, తర్వాత "డిమాండ్ లేదు" అని రాసి, కూల్చి ఇళ్ళు కడతారు. ఇళ్ళు కట్టడం తప్పని నేననను, ముందే ఆ మాట చెప్పొచ్చు కదా.

టైమింగ్ ముఖ్యం. మీకు లెటర్ వచ్చేది ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో, నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది. వచ్చే ఏటికి డిసెంబరు నుంచే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కేబినెట్ మీటింగ్ పేపర్లు చూస్తూ ఉండండి. ఫీజులు, చార్జీల అనుబంధంలో గ్యారేజ్‌లు ఒక్క లైనే ఉంటాయి. మీటింగ్‌లో ప్రజల ప్రశ్నకు టైమ్ ఇస్తారు, కానీ కొన్ని రోజుల ముందే రాసి పంపాలి. ఖాళీల సంఖ్య చేతిలో పెట్టుకుని అడిగితే కౌన్సిలర్ తల తిప్పుకోలేడు.

అసలు ఆ గ్యారేజ్ మీకు పనికొస్తోందా అన్నది చూసుకోండి. వీటిలో చాలావరకు 1950ల నుంచి 70ల మధ్య కట్టినవి. అప్పటి మినీ కారు వెడల్పు 1.41 మీటర్లు. లోపల కొలత మామూలుగా ఎనిమిదడుగులు వెడల్పు, పదహారడుగులు పొడవు. డోరు దారి ఏడడుగులు, అంటే 2.13 మీటర్లు. ఇప్పటి నిస్సాన్ కష్కాయ్ అద్దాలతో కలిపి 2.08. డోరు పక్క ఆర్ములు ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు తింటాయి. కాబట్టి అద్దాలు మడిచే లోపలికి పోవాలి. పోయాక కారు బాడీ 1.84, గది 2.44, రెండు పక్కలా కలిపి మిగిలేది 60 సెంటీమీటర్లు. మధ్యలో ఆపితే పక్కకు 30 మిగిలి ఏ డోరూ తెరుచుకోదు. ముందుకు తోలి ఎడమ గోడకు 10 సెంటీమీటర్లలో ఆపితే డ్రైవరు వైపు 50 వస్తుంది, సన్నటి మనిషి దిగొచ్చు. పక్కన కూర్చున్నవాళ్ళను, పిల్లలను బయటే దింపాలి. వెనక 45 సెంటీమీటర్లు మిగిలి డోరు పడుతుంది కానీ డిక్కీ తెరుచుకోదు. టేపు పట్టుకెళ్ళి కొలవకుండా అద్దె గురించి గొడవపడటం దండగ.

కారు పట్టక చాలామంది సామాన్లు పెడతారు. పైకప్పు చూసుకుని పెట్టండి. పాత బ్లాకుల మీద ముడతల రేకులుంటే అవి ఆస్బెస్టాస్ అనుకునే మెలగాలి. మన ఊళ్ళో సిమెంటు రేకులంటామే, అవే. అక్కడ ఇప్పటికీ అమ్ముతారు, బ్రిటన్‌లో 1999లోనే నిషేధించారు. కదిలించనంతవరకు పెద్ద భయం లేదు. డ్రిల్లు పెట్టకూడదు, నాచు ఉందని ప్రెషర్ వాషర్‌తో కడగకూడదు, పగిలిన ముక్కను ఊడ్చి చెత్తబుట్టలో వేయకూడదు. కారేది సాధారణంగా బోల్టు వాషర్ల దగ్గరా, రేకు మీద రేకు కలిసే చోటా. ఫోటో తీసి కౌన్సిల్‌కు పంపి, ఆస్బెస్టాస్ సర్వే రిపోర్టు అడగండి. గోడ ఒంటి వరస ఇటుక కాబట్టి చలికాలం లోపల చెమ్మ పడుతుంది. అట్టపెట్టెలు మెత్తబడి విడిపోతాయి. మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు వాడి, ప్యాలెట్ మీద, గోడకు కాస్త ఎడంగా పెట్టండి. గాలి వస్తోందని సందులన్నీ మూసేస్తే చెమ్మ ఇంకా పెరుగుతుంది.

డోరు ఒక పక్కకు వంగి ఎక్కుతోందంటే ఆ పక్క కేబుల్ తీగలు తెగుతున్నట్టు. బలవంతంగా లాగితే కేబుల్ పూర్తిగా తెగి డోరు మీ మీద పడొచ్చు. స్ప్రింగ్ మీద చేయి వేయకండి, బిగువులో ఉంటుంది. రిపేరుకు వచ్చినవాళ్ళు ఒక కేబులే మారుస్తామంటే ఒప్పుకోకండి, రెండూ ఒకేసారి మారిస్తేనే సమంగా ఎక్కుతుంది. చాలా అగ్రిమెంట్లలో డోరు, కప్పు కౌన్సిల్ బాధ్యత, తాళంచెవులు మీ బాధ్యత. అద్దె ఎక్కువని ఫిర్యాదు చేసే వీలు లేకపోయినా, ఆ అద్దెకు రిపేరు చేయలేదని ఫిర్యాదు చేసే హక్కు ఉంది. హౌసింగ్ ఫిర్యాదుల కోడ్ ప్రకారం అందినట్టు ఐదు పనిదినాల్లో చెప్పాలి, ఆ తర్వాత పదిలో మొదటి జవాబు రావాలి. నచ్చకపోతే రెండో మెట్టుకు ఇరవై. కారుతున్న కప్పుకు అద్దె తగ్గించమని ఆ ఫిర్యాదులోనే రాయండి.

ఇంకో మాట. హాఫ్ శారీ ఫంక్షన్ల డెకరేషన్ స్టాండ్లు, బ్యాక్‌డ్రాప్‌లు, కేటరింగ్ గిన్నెలు ఈ గ్యారేజ్‌ల్లో పెట్టి డబ్బుకు తిప్పేవాళ్ళున్నారు. అది వ్యాపారం కింద వస్తుంది, చాలా అగ్రిమెంట్లు ఒప్పుకోవు. తెలిసినవాళ్ళకు సగం ఇచ్చి సగం అద్దె తీసుకోవడం కూడా అంతే. లోపలి సామానుకు కౌన్సిల్ ఇన్సూరెన్స్ ఉండదు. మీ హోమ్ ఇన్సూరెన్స్ ఇంటికి దూరంగా ఉన్న గ్యారేజ్‌కు వర్తిస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

వదిలేద్దామనుకుంటే మాత్రం కట్టడం ఆపేసి ఊరుకోకండి, బాకీ మీ పేరునే పెరుగుతుంది. అగ్రిమెంట్‌లో నోటీసు ఒక వారమో నాలుగు వారాలో ఉంటుంది, చాలాచోట్ల సోమవారంతో లెక్క. కొత్త రేటు ఏప్రిల్ మొదటి సోమవారం నుంచైతే నాలుగు వారాల నోటీసు మార్చి మొదట్లోనే పడాలి. ఖాళీ చేశాక లోపల ఫోటోలు తీసి, తాళంచెవులు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి, లేకపోతే చెత్త తీసినందుకని బిల్లు వస్తుంది. కారు ఇన్సూరెన్స్‌లో రాత్రిపూట గ్యారేజ్‌లో ఉంటుందని రాసి ఉంటే అది మార్చించుకోండి. ప్రీమియం ఎంత పెరుగుతుందో నోటీసు ఇవ్వకముందే అడగండి, ఆ తేడాను కూడా లెక్కలో వేసుకోవాలి.